చివరి మాట దాకా విద్యార్థే!

హైస్కూలు గడప తొక్కని కుర్రాడి పేరు మీద ఓ కాలేజీ నడుస్తోంది. ఇంగ్లిషు రాని హీరో అమెరికా చూసొచ్చి పుస్తకం రాశారు. గుండె ఆపరేషన్‌ తర్వాత మరో నలభై ఏళ్లు నటించారు. నటసామ్రాట్‌ అక్కినేని నాగేశ్వరరావు గురించి అందరికీ తెలిసిన కథే ఇది. ఆయన నేర్చుకున్న పాఠాల వైపు నుంచి, ఇంటి వైపు నుంచి మళ్లీ ఓసారి...

మైకు ఇంటికొచ్చింది.

సొంత స్టూడియో ఉంది. అందులో డబ్బింగ్‌ థియేటర్లున్నాయి. కానీ అక్కడిదాకా వెళ్లి గంటల తరబడి కూర్చునే ఓపిక ఆ మనిషికి లేదు. ఒంట్లో క్యాన్సర్‌. ఆపరేషన్‌ జరిగింది. వయసు తొంభైకి దగ్గర. అలాంటి సమయంలో ఎవరైనా ఏం కోరుకుంటారు? కాస్త నిద్ర, చుట్టూ పిల్లలు, నొప్పి తగ్గే మందు. అక్కినేని మాత్రం డబ్బింగ్‌ పరికరాలు ఇంటికి తెప్పించమన్నారు. ‘మనం’ సినిమాలో తన మాటలన్నీ తనే చెప్పి ముగించారు.

ఎందుకంత పట్టుదల? తెలుగునాట మిమిక్రీ నేర్చుకునే ఏ కుర్రాడైనా ఎన్టీఆర్‌, ఏఎన్నార్‌ గొంతులతోనే మొదలుపెడతాడు. ఆ సినిమాకి ఎవరో ఒకరు గొంతు అరువిచ్చినా చాలామంది ప్రేక్షకులు పోల్చుకోలేకపోయేవారేమో! సరిగ్గా అదే ఆయనకు ఇష్టం లేనిది. ఆ గొంతు ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. అక్షరం అక్షరం కూడబెట్టి సంపాదించుకున్నది.

ఇవాళ ఫిల్మ్‌నగర్‌ నుంచి జూబ్లీ చెక్‌పోస్టు మీదుగా కిందికి దిగితే అన్నపూర్ణ స్టూడియోస్‌ కనిపిస్తుంది. కాస్త అవతల కృష్ణానగర్‌. సినిమాల్లో వేషం కోసం వచ్చిన ఎందరో కుర్రాళ్లు అద్దె గదుల్లో తలదాచుకునే పేట. వాళ్లలో డిగ్రీలు చేసినవాళ్లున్నారు, ఇంజినీరింగ్‌ చదివినవాళ్లున్నారు. ఆ స్టూడియో కట్టిన మనిషికి మాత్రం ఏ డిగ్రీ లేదు.

బడిలో ఆగిన చదువు

కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర రామాపురం. అక్కినేని వెంకటరత్నం, పున్నమ్మ దంపతుల అయిదుగురు కొడుకుల్లో చివరివాడు నాగేశ్వరరావు. వ్యవసాయ కుటుంబం. అందరినీ చదివించే స్తోమత లేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో పల్లెటూళ్లలో అది వింతేం కాదు. వింత ఏమిటంటే, చదువు మానేసిన పిల్లాడిని తల్లి నాటకాల వైపు ప్రోత్సహించడం. నాటకాల్లోకి వెళ్తానంటే నడుం విరగ్గొట్టే కాలమది!

అప్పట్లో ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడం అరుదు. ముఖం కళగా ఉండి, గొంతు సన్నగా ఉండే కుర్రాళ్లకి చీర కట్టించి స్త్రీ పాత్రలు ఇచ్చేవారు. నాగేశ్వరరావు అలా మొదలయ్యాడు. స్త్రీ పాత్ర వేయడమంటే చీర కట్టుకోవడంతో సరిపోదు. నడక మారాలి, చూపు మారాలి, తల వంచడంలో తేడా తెలియాలి, కొంగు ఎప్పుడు సర్దుకోవాలో చెయ్యికి గుర్తుండాలి. చుట్టూ ఉన్న మనుషుల్ని కళ్లు తెరిచి గమనించనివాడు ఆ వేషం కట్టలేడు. బళ్లో ఆగిపోయిన చదువు మరోచోట మొదలైందన్నమాట.

సినిమాల్లో తొలి అడుగు 1941లో, పి.పుల్లయ్య తీసిన ‘ధర్మపత్ని’లో ఓ చిన్న వేషం. దాంతో పెద్దగా ఒరిగిందేమీ లేదు. మళ్లీ నాటకాలే. ఆ తర్వాత విజయవాడ రైల్వేస్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంట పడటం, ‘సీతారామ జననం’(1944)లో ఏకంగా రాముడి పాత్ర రావడం... సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ. చెప్పుకోనిది దాని తర్వాతి సంగతి. మద్రాసు చేరిన ఆ కుర్రాడికి తనకేం రాదో చాలా త్వరగా అర్థమైంది. భాష సరిగా రాదు. కెమెరా ముందు నడక రాదు. నలుగురిలో మాట్లాడే ధైర్యం లేదు. తొలి సినిమాల్లో తన పాటలు తనే పాడుకునేవారు. అదీ గొప్పగా ఏం ఉండేది కాదు. ‘బాలరాజు’ (1948) నాటికి ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు తోడైంది. పాట ఆయనకు వదిలేసి మాట మీద పడ్డారు అక్కినేని. తనకు రానిదేమిటో ఒప్పుకోవడం కూడా ఓ చదువే కదా!

గురువు దొరికాడు

అక్కినేని జీవితంలో దుక్కిపాటి మధుసూదనరావు పాత్ర ఎంతో చెప్పకుండా ఆయన చదువు కథ పూర్తికాదు. దుక్కిపాటిది బందరు ప్రాంతం. డిగ్రీ చదువుకున్న మనిషి. నాటకాలంటే ప్రాణం. నాగేశ్వరరావుకి రంగస్థలం మీద ఉన్నప్పటి నుంచీ మార్గదర్శి. ఏం చదవాలి, ఎలా మాట్లాడాలి, ఎవరితో ఎలా మసలుకోవాలి... ఇవన్నీ తనకు నేర్పింది ఆయనేనని అక్కినేని జీవితాంతం చెప్పుకున్నారు. ఓ అగ్రహీరో ‘నాకు ఫలానాయన నేర్పారు’ అని బహిరంగంగా చెప్పడం మన పరిశ్రమలో తరచూ వినే మాట కాదు.

1951లో ఇద్దరూ కలిసి అన్నపూర్ణా పిక్చర్స్‌ పెట్టారు. ఇక్కడో చిన్న సంగతి. ఆ పేరు అక్కినేని భార్యదనుకుంటారు చాలామంది. కాదు. దుక్కిపాటిని పెంచిన తల్లి పేరు అన్నపూర్ణ. ఆమె పేరు మీదే సంస్థ. అక్కినేని శ్రీమతి పేరూ అన్నపూర్ణే కావడం కాకతాళీయం. ఆమె పేరు తర్వాతెప్పుడో స్టూడియోకి వచ్చింది.

సంస్థ పెట్టారు గానీ వెంటనే సినిమా తీయలేదు. తొలి సినిమాని కె.వి.రెడ్డి దర్శకత్వంలోనే తీయాలని దుక్కిపాటి పంతం. ఆయనేమో విజయావారి సినిమాలతో తీరిక లేకుండా ఉన్నారు. సరే, ఆగుదామనుకున్నారు. ‘దొంగరాముడు’ వచ్చేసరికి 1955. నాలుగేళ్లు! అప్పటికే పెద్ద హీరో అయిన అక్కినేని ఆ నాలుగేళ్లూ మరో దర్శకుడితో కానిచ్చేద్దామని తొందరపడలేదు. మంచి గురువు కోసం ఆగడం ఆయనకు నష్టంగా అనిపించలేదేమో.

తాగుబోతు, డిటెక్టివ్‌, కవి

‘కీలుగుర్రం’ (1949) లాంటి జానపదాలు అక్కినేనిని జనానికి దగ్గర చేశాయి. కానీ 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. కత్తి పట్టుకుంటే ఎన్టీఆర్‌లా ఉండాలన్నారు ప్రేక్షకులు. ఆ మాట అక్కినేనికీ వినిపించింది. తన ఒడ్డూ పొడవూ ఏపాటివో ఆయనకు తెలుసు. పోటీకి దిగలేదు, అలగలేదు. సాంఘికాల వైపు తిరిగారు. అభిమానులు ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆయన తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే తెలివైనది బహుశా ఇదే.

‘దేవదాసు’ (1953) మొదలుపెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. జానపదాల కుర్రాడు శరత్‌బాబు దేవదాసా అని. తాగుబోతు కళ్లు ఎలా రావాలి? ఆ సన్నివేశాలు ఎక్కువగా రాత్రిళ్లు తీశారు. నిద్రలేమితో రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. తాగకుండానే మత్తు వచ్చింది. ఆ మత్తు తెలుగువాళ్లకి ఇప్పటికీ దిగలేదు. సినిమా ఎంత పెద్ద హిట్టంటే, ఇక ఆయనకి విషాదమే నప్పుతుందని ముద్ర పడిపోయింది.

మరొకరైతే ఆ ముద్ర మీదే పదేళ్లు బతికేసేవారు. ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్టీఆర్‌ హీరో. అందులో డిటెక్టివ్‌ రాజు అనే హాస్యపాత్ర ఉంది. అక్కినేని ఆ వేషం అడిగి మరీ తీసుకున్నారు. ‘దేవదాసు’ ముద్ర చెరిపేసుకోవడానికి! రెండేళ్లకి ‘మాయాబజార్‌’లో అభిమన్యుడు. తనకంటే పెద్ద పాత్రలు ఎన్నో ఉన్న సినిమా అది. ఎన్టీఆర్‌తో కలిసి 14 సినిమాలు చేశారాయన.

1960లో ‘మహాకవి కాళిదాసు’. ఈ సినిమా దగ్గర కాసేపు ఆగాలి. కథ తెలిసిందే. చదువు సంధ్యలు లేని అమాయకుడికి కాళీమాత అనుగ్రహంతో విద్య అబ్బుతుంది. నోటి వెంట శ్లోకాలు దొర్లుతాయి. తెర మీద ఒక్క క్షణంలో జరిగిపోయే ఆ మార్పు కోసం దాన్ని నటించే మనిషి ఎన్ని రోజులు కష్టపడి ఉండాలో ఆలోచించండి. సంస్కృతం ఆయనకు రాదు. అర్థం అడిగి తెలుసుకోవాలి. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేల్చాలో వల్లెవేయాలి. ‘విప్రనారాయణ’, ‘తెనాలి రామకృష్ణ’, ‘భక్త జయదేవ’, ‘మహాకవి క్షేత్రయ్య’... పండితుల, కవుల పాత్రలకి కొన్నేళ్ల పాటు ఆయనే చిరునామా. బడి మధ్యలో మానేసినవాడి నోట ఆ పదాలు స్పష్టంగా పలికాయంటే అమ్మవారు వరమిచ్చి కాదు.

అన్ని పరీక్షలూ పాసయ్యారని కాదు. ఆదుర్తి సుబ్బారావుతో కలిసి చక్రవర్తి చిత్ర పేరిట ‘సుడిగుండాలు’ (1967), ‘మరోప్రపంచం’ (1970) తీశారు. పాటల కోసం, ఫైట్ల కోసం కాకుండా సమాజం గురించి ఏదో చెప్పాలని. విమర్శకులు మెచ్చుకున్నారు. డబ్బులు రాలేదు. ఆ దారిలో మూడో సినిమా మరి రాలేదు. లెక్కల మనిషిగా పేరున్న అక్కినేని జమాఖర్చుల పుస్తకంలో అది మిగిలిపోయిన అప్పు. ‘సుడిగుండాలు’లో ఓ చిన్నపిల్లాడు కనిపిస్తాడు. నాగార్జున.

ఇంగ్లిషు... అమెరికా... అ ఆలు

సినిమా రంగంలో అడుగుపెట్టాకే అక్కినేని ఇంగ్లిషు నేర్చుకున్నారు. క్లాసులో కూర్చుని కాదు. పేపరు చదువుతూ, తెలియని మాటలకు అర్థాలు అడుగుతూ, తప్పో ఒప్పో ఎదుటివాళ్లతో మాట్లాడుతూ. హీరోగా పేరొచ్చాక తప్పులు మాట్లాడటానికి ఎంత ధైర్యం కావాలో ఇంగ్లిషు భయం ఉన్న ఎవరినైనా అడగండి, చెబుతారు!

1960లలో అమెరికా ప్రభుత్వ ఆహ్వానం మీద ఆ దేశం వెళ్లారు. అక్కడ చూసిందల్లా మనసులో పెట్టుకుని తిరిగొచ్చి ‘నేను చూసిన అమెరికా’ అని పుస్తకం రాశారు. అప్పటికి మన ఊళ్లలో అమెరికా అంటే ఎక్కడో ఉన్న మరో లోకం. ప్రతి వీధిలో ఓ వీసా ఉన్న ఈ రోజుల్లో ఆ పుస్తకం విలువ అర్థం కావడం కష్టమే. తర్వాతెప్పుడో తన ఆలోచనల్ని మరో పుస్తకంగా తెచ్చారు. దానికి పెట్టుకున్న పేరు ‘అ ఆలు’. అక్కినేని ఆలోచనలు అని దానర్థం. పలకా బలపం నాటి మాట కూడా అందులో ఉంది. పద్మ పురస్కారాలు, కళాప్రపూర్ణ అందుకున్న మనిషి తన పుస్తకానికి అ ఆలు అని పేరు పెట్టుకోవడంలో ఓ చిలిపితనం లేకపోలేదు.

గుడివాడ కాలేజీ సంగతి ఎలాగూ చెప్పాలి. 1950లో మొదలైన ఆ కాలేజీకి అక్కినేని పెద్ద విరాళమిచ్చారు. ఆయన పేరే పెట్టారు. తరతరాలుగా ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలు ‘ఏఎన్నార్‌ కాలేజీ’లో డిగ్రీలు చేశారు. ఆయన దాటని గడప మీద ఆయన పేరుంది.

ఓ విషయంలో మాత్రం ఎవరేమనుకున్నా ఆయన మారలేదు. ‘విప్రనారాయణ’గా, ‘భక్త తుకారాం’గా జనం చేత చేతులెత్తి మొక్కించుకున్న నటుడు, తాను దేవుణ్ని నమ్మనని నిర్మొహమాటంగా చెప్పేవారు. నమ్మింది కష్టాన్నే. ఆ మాట కొందరు అభిమానులకు రుచించేది కాదు.

బండరాళ్ల మీద స్టూడియో

1949 ఫిబ్రవరి 18న అన్నపూర్ణతో పెళ్లయింది. అప్పటికి ఆయన పైకొస్తున్న నటుడు. సినిమావాళ్లకి పిల్లనివ్వడానికి జంకే రోజులు. ముగ్గురు కూతుళ్లు, ఇద్దరు కొడుకులు... సత్యవతి, నాగసుశీల, సరోజ, వెంకట్‌, నాగార్జున. సంసారం మద్రాసులో పెరిగింది. 1960ల మొదట్లో హైదరాబాద్‌కు మకాం మార్చేశారు.

ఇప్పుడు చదువుతుంటే ఇది చిన్న విషయంలా ఉంటుంది. అప్పుడు కాదు. తెలుగు సినిమా అంటే మద్రాసు. స్టూడియోలు, ల్యాబులు, సంగీత దర్శకులు, పంపిణీదారులు... అందరూ అక్కడే. హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గది అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్‌. అగ్రహీరో ఊరు మారితే వేషాలు తగ్గిపోతాయన్నారు తెలిసినవాళ్లు. ఆయన లెక్క వేరు. తెలుగు సినిమా తెలుగు నేల మీద ఉండాలి. తన సినిమాలు హైదరాబాద్‌లోనే తీయాలని నిర్మాతలకు చెప్పారు. కుటుంబం అక్కడే స్థిరపడింది. నాగార్జున చదివింది హైదరాబాద్‌ పబ్లిక్‌ స్కూల్లో. తర్వాత ఇంజినీరింగ్‌, అమెరికా. తండ్రి ఆగిన చోటికి ఎన్నో మెట్లు పైన కొడుకు చదువు సాగింది. చదువు పూర్తయ్యాకే 1986లో ‘విక్రమ్‌’తో హీరో అయ్యాడు.

ఆ నిర్ణయాల మధ్యలో 1974 వచ్చింది. గుండె జబ్బు. అమెరికా వెళ్లి ఆపరేషన్‌ చేయించుకోవాల్సి వచ్చింది. అప్పటికి మనదేశంలో బైపాస్‌ ఆపరేషన్లే మొదలవలేదు. మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో మొదటిది జరిగింది ఆ మరుసటి ఏడాది, 1975లో. ఎదిగీ ఎదగని పిల్లలున్న ఇంట్లో అదెంత పెద్ద కుదుపో వేరే చెప్పక్కర్లేదు. పరిశ్రమలో గుసగుసలు మొదలయ్యాయి. ఇక అక్కినేని పనైపోయిందనీ, స్టెప్పులు వేసే హీరోకి గుండె ఆపరేషన్‌ తర్వాత ఏం మిగులుతుందనీ!

తిరిగొచ్చిన మనిషి మంచం పట్టలేదు. బంజారాహిల్స్‌లో బండరాళ్ల మధ్య స్టూడియో కట్టడం మొదలుపెట్టారు. సుమారు 22 ఎకరాలు. ఇప్పుడక్కడ గజం ధర అడిగితే గుండె ఆగుతుంది గానీ, అప్పట్లో ఆ గుట్టల్లోకి పగలు వెళ్లడానికే జనం వెనకాడేవారు. సరైన రోడ్డు కూడా లేదు. 1970ల మధ్యలో అన్నపూర్ణ స్టూడియోస్‌ సిద్ధమైంది. పేరు భార్యది. ఆ గుట్టల చుట్టుపక్కలే తర్వాత ఫిల్మ్‌నగర్‌ వెలిసింది, పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియోస్‌ వచ్చింది. మద్రాసు నుంచి పరిశ్రమ మూటాముల్లె సర్దుకుని వచ్చేసరికి దిగడానికి ఓ చోటుంది.

అన్నట్టు, రామానాయుడికి అక్కినేని రెండుసార్లు గట్టిగా కలిసొచ్చారు. వరస ఇబ్బందుల్లో ఉన్న సురేష్‌ ప్రొడక్షన్స్‌ని నిలబెట్టింది ‘ప్రేమనగర్‌’ (1971). ఆపరేషన్‌ తర్వాత అక్కినేని మళ్లీ ఫామ్‌లోకి వచ్చింది ‘సెక్రటరీ’ (1976)తో. అదీ రామానాయుడిదే. ఆ తర్వాత ఇద్దరూ వియ్యంకులయ్యారు. నాగచైతన్య ఇద్దరికీ మనవడు.

డాక్టర్లు చెప్పిన నియమాలు అక్కినేనికి మరో సిలబస్‌ అయ్యాయి. పొద్దున్నే నడక. తిండి మీద అదుపు. ఉద్రేకాలకు దూరం. పుస్తకం చదివినట్టే ఒంటినీ చదువుకున్నారు. 1974 తర్వాత ఆయన బతికిన నలభై ఏళ్లలోనే ‘ప్రేమాభిషేకం’ (1981), ‘మేఘసందేశం’ (1982), ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991) ఉన్నాయి. ఆపరేషన్‌తో పనైపోయిందనుకున్నవాళ్లు ఈ జాబితా చూసి ఏమనుకున్నారో!

తాతగారి బడి

హీరోయిన్ల వెంట పడి పాటలు పాడే హీరోకి ఇంట్లో ఏం పేరుంటుంది? మనవలకు తాత, అంతే. ‘సీతారామయ్యగారి మనవరాలు’లో ఆయన్ని చూసి ఇంటికెళ్లి తమ తాతయ్య పక్కన కూర్చున్నవాళ్లు తెలుగునాట ఎంతమందో. ఆ పాత్ర కోసం ఆయన పెద్దగా వెతుక్కోవాల్సిన అవసరం వచ్చి ఉండదు. అప్పటికే ఇంటి నిండా మనవలు.

పెద్దకూతురి కొడుకు సుమంత్‌ పెరిగింది తాతగారింట్లోనే. సుమంత్‌ చెల్లెలు సుప్రియ తర్వాత స్టూడియో బాధ్యతలు తీసుకున్నారు. నాగసుశీల కొడుకు సుశాంత్‌, నాగార్జున కొడుకులు నాగచైతన్య, అఖిల్‌... అందరూ కెమెరా ముందుకు వచ్చినవాళ్లే. వీళ్లలో ఇద్దరికి ఓ వింత పరీక్ష ఎదురైంది. ‘మహానటి’ (2018)లో నాగచైతన్య, ‘ఎన్టీఆర్‌ కథానాయకుడు’ (2019)లో సుమంత్‌ తాతగారి పాత్రే వేయాల్సి వచ్చింది. ఇంట్లో చూసిన తాతని కాదు, తాము పుట్టకముందటి కుర్ర నాగేశ్వరరావుని. తాత పాత సినిమాలన్నీ మళ్లీ ముందేసుకుని ఆ నడక, ఆ చూపు పట్టుకోవాలి. ఒకప్పుడు రామాపురం కుర్రాడు చీర కట్టుకోవడానికి ముందు చేసిన పనే ఇది.

2005లో అక్కినేని తన పేరు మీద జాతీయ పురస్కారం ఏర్పాటు చేశారు. తొలి పురస్కారం దేవానంద్‌కి. 2011లో కుటుంబం మరో పని చేసింది. స్టూడియో ఆవరణలోనే సినిమా, మీడియా కోర్సులు నేర్పే విద్యాసంస్థ మొదలుపెట్టింది. తన కాలంలో నటన నేర్చుకోవాలంటే నాటక సమాజాల చుట్టూ తిరగాలి. ఇప్పుడు క్లాసు, సిలబస్‌, సర్టిఫికెట్టు!

2011 ఆయనకు రెండు చేతులా ఇచ్చి, ఒక చేత్తో లాగేసుకున్న ఏడాది. పద్మవిభూషణ్‌ వచ్చింది. డిసెంబరు 28న అన్నపూర్ణ కన్నుమూశారు. దాదాపు అరవై మూడేళ్ల కాపురం. సినిమా ఇంటర్వ్యూల్లో గంటల తరబడి మాట్లాడగలిగిన మనిషి దగ్గర ఆ లోటుకు సరిపోయే మాటలుండవు. రోజూ ఆయన వెళ్లొచ్చే స్టూడియో గేటు మీద ఆమె పేరుంది.

దాచలేదు

‘ప్రేమాభిషేకం’ చూసినవాళ్లకి గుర్తుంటుంది. హీరోకి క్యాన్సర్‌. ప్రేమించిన అమ్మాయికి ఆ సంగతి చెప్పడు. తనని అసహ్యించుకునేలా ప్రవర్తించి, ఆమెను మరొకరికి ఇచ్చి పెళ్లయ్యేలా చేస్తాడు. హాళ్లన్నీ ఏడ్చాయి. ఏడాదికి పైగా ఆడిన సినిమా అది.

2013 అక్టోబరు 19. అక్కినేని విలేకర్లను పిలిచారు. తనకు క్యాన్సర్‌ వచ్చిందని ఆయనే చెప్పారు. తెర మీద దాచిపెట్టిన హీరో బయట దాచలేదు. పుకార్లకు తావివ్వకుండా, తన జబ్బు సంగతి తన నోటితోనే జనానికి తెలియాలనుకున్నారు. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఆ జబ్బొస్తే పేరు కూడా పైకి పలకకుండా చెవిలో చెప్పుకునే కుటుంబాలు మన దగ్గర ఇప్పటికీ ఎన్నో. అలాంటి చోట ఓ సూపర్‌స్టార్‌ అంత మామూలుగా చెప్పడం చాలామందికి కొత్తగా అనిపించింది. ఆ వయసులో ఆయన నేర్పిన పాఠాల్లో ఇదొకటనుకోవచ్చు.

అప్పటికి ‘మనం’ నిర్మాణంలో ఉంది. విక్రమ్‌ కె.కుమార్‌ దర్శకత్వం. తాత, తండ్రి, మనవడు... మూడు తరాలు కలిసి నటిస్తున్న సినిమా. దాన్ని పూర్తిచేయాలన్నదే ధ్యాస. అందుకే మైకు ఇంటికొచ్చింది.

2014 జనవరి 22 తెల్లవారుజామున అక్కినేని వెళ్లిపోయారు. మర్నాడు ఆయన్ని అన్నపూర్ణ స్టూడియోస్‌ నుంచి ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్‌ఛాంబర్‌కు తీసుకెళ్లారు. దారి పొడవునా జనం. ఒకప్పుడు బండరాళ్లు, ముళ్లపొదలు ఉన్న ఆ గుట్టల్లో అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. తిరిగి స్టూడియోకే తీసుకొచ్చారు. అక్కడే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు.

2023 సెప్టెంబరు 20న అదే స్టూడియోలో ఆయన విగ్రహాన్ని మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆవిష్కరించారు. 2024లో శతజయంతికి ఆయన పాత సినిమాల్ని బాగుచేసి దేశంలోని ఎన్నో నగరాల్లో ప్రదర్శించారు. ఆ అక్టోబరులో అమితాబ్‌ బచ్చన్‌ చేతుల మీదుగా చిరంజీవి ఏఎన్నార్‌ పురస్కారం అందుకున్నారు. ఇప్పుడు ఆ స్టూడియోకి వచ్చే సినిమా విద్యార్థుల్లో చాలామంది ఆయన్ని థియేటర్లో ఒకే ఒక్కసారి చూసి ఉంటారు, అదీ ‘మనం’లో.

ఆ సినిమా 2014 మే 23న విడుదలైంది. అందులో అక్కినేని పేరు చైతన్య. నాగార్జునవి రెండు పేర్లు, సీతారాముడు, నాగేశ్వరరావు. నాగచైతన్య పాత్రకి నాగార్జున అని పేరు. ఎవరి పేరు ఎవరిదో తేల్చుకునేలోపే కథ వెనక్కి తిరుగుతుంది. పసితనంలోనే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ముసలాయన, మళ్లీ పుట్టిన తన తండ్రిని గుర్తుపడతాడు. ఆ తండ్రి నాగార్జున. చనిపోయి నాలుగు నెలలైన మనిషి, తెర మీద తన కొడుక్కి కొడుకై, తన సొంత గొంతుతో మాట్లాడుతుంటే హాలంతా నిశ్శబ్దంగా విన్నది.